గేర్‌బాక్స్ విప్పే ముందు: గేర్ ఆయిల్ నుంచి క్లచ్ ప్లేట్ దాకా ఒక్కో మెట్టు

ఒకరోజు పొద్దున్నే మా కారుకు ఫస్ట్ గేరు పడలేదు. గట్టిగా తోస్తే కర్రుమంది. రివర్స్ అయితే ఇంకా ఘోరం. ఎలాగోలా దగ్గర్లోని షెడ్డుకు తీసుకెళ్తే, బానెట్ కూడా ఎత్తకుండానే "గేర్‌బాక్స్ పోయింది సార్, కిందకు దించాలి, పాతిక వేలు పెట్టుకోండి" అన్నారు. ఆ నెల నా దగ్గర అంత డబ్బు లేదు. అందుకే గేర్‌బాక్స్ బతికింది. మా వీధి చివర పాత జీపులు బాగుచేసే పెద్దాయన ఒకరుంటే ఆయనకు చూపించాను. ఆయన ఇంజన్ ఆపేసి ఒక్కో గేరూ వేసి చూశారు. ఐదు గేర్లూ, రివర్సూ మెత్తగా పడ్డాయి. "ఇంజన్ ఆపితే పడుతున్నాయంటే గేర్లు బాగానే ఉన్నాయి బాబూ. క్లచ్చే పూర్తిగా విడవటం లేదు" అన్నారు. చూస్తే క్లచ్ కేబుల్ లోపల పోగులు తెగి సాగిపోయి ఉంది. కొన్ని వందల రూపాయల కేబుల్ మార్చాక అదే కారు ఈరోజుకీ తిరుగుతోంది.

గేర్‌బాక్స్ విప్పడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. ముందు దాని చప్పుడు వినాలి, ఆ తర్వాత దాని నూనె చూడాలి, ఆపైన క్లచ్ చూడాలి. ఈ మూడూ అయ్యాకే పానా పట్టుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది. ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, టియాగో లాంటి ముందు చక్రాలు లాగే మాన్యువల్ గేర్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆటోమేటిక్ కార్ల గురించి చివర్లో కొంత చెబుతాను.

లోపల ఏం జరుగుతుంది

ఇంజన్ నుంచి వచ్చే తిప్పుడు శక్తి ముందు ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలుకు, అక్కడి నుంచి క్లచ్ ప్లేటుకు, ఆ ప్లేటు మధ్యలో కూర్చున్న ఇన్‌పుట్ షాఫ్టుకు వస్తుంది. గేర్‌బాక్స్‌లో గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేర్ రాడ్ కదిపినప్పుడు కదిలేది గేరు కాదు, స్లీవ్. అది పక్కకు జరిగి, కావలసిన గేరును షాఫ్టుకు కట్టేస్తుంది. కట్టేముందు రెండిటి వేగం సమానం కావాలి. ఆ పని చేసేది సింక్రో రింగు, చాలా కార్లలో ఇత్తడిది. గేరు వేసేటప్పుడు కర్రుమంటోందంటే ఆ వేగం సమానం కావడం లేదని అర్థం. దానికి కారణం రింగు అరిగిపోవడం కావచ్చు, క్లచ్ విడవకపోవడమూ కావచ్చు. మా కారు విషయంలో షెడ్డువాళ్లు ఈ రెండో కారణాన్ని చూడనే లేదు. చాలా కార్లలో రివర్స్ గేరుకు సింక్రో ఉండదు. అందుకే బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయాలి.

ముందు చెవి, తర్వాతే పానా

ఈ పరీక్షలకు ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు. చదునైన చోట, అద్దాలు దించి, రేడియో ఆపి చేయండి.

ఇంజన్ ఆన్‌లో, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. ఊఁ అనే మూలుగో, గరగరో వినిపిస్తే గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కండి. చప్పుడు ఆగిపోతే అనుమానం ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు మీద, ఎందుకంటే క్లచ్ తొక్కగానే ఆ షాఫ్టు ఆగిపోతుంది. అలా కాకుండా తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే అది క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు. మొదటి దానికి గేర్‌బాక్స్ విప్పాలి. రెండోదానికి గేర్‌బాక్స్ దించాలి గానీ విప్పనక్కర్లేదు. ఖర్చులో ఈ తేడా చాలా పెద్దది.

తర్వాత క్లచ్ విడుస్తోందో లేదో చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ చివరిదాకా తొక్కి, ఐదు సెకన్లు ఆగి, నెమ్మదిగా రివర్స్ వేయండి. కర్రుమంటే క్లచ్ ఇంకా పట్టుకునే ఉంది. కేబుల్ సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసేది) అయితే గాలి చేరి ఉండొచ్చు, లేదా సిలిండర్ లీకై ఉండొచ్చు. రివర్స్ సాఫీగా పడి, నడుస్తున్నప్పుడు మూడో గేరు ఒక్కదానికే కర్రుమంటే అప్పుడు నిందించాల్సింది ఆ గేరు సింక్రోను.

క్లచ్ జారుతోందా అన్నది మూడో పరీక్ష. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, ఫుట్ బ్రేక్ మీద కూడా కాలు ఉంచి, మూడో గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగింది. దీన్ని ఒక్కసారే చేయండి. పదే పదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది. రోడ్డు మీద అయితే టాప్ గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోవడమే దీనికి గుర్తు.

నడుపుతున్నప్పుడు వచ్చే చప్పుడును ఇలా విడదీయాలి. ఏ గేరులో ఉన్నా, న్యూట్రల్‌లో దొర్లుతున్నా, వేగంతో పాటు పెరిగే చప్పుడు డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకూ శక్తిని పంచే గేర్లు) బేరింగుది కావచ్చు, చక్రం బేరింగుది కూడా కావచ్చు. చక్రం బేరింగే అయితే మలుపులో ఒక పక్కకు తిప్పినప్పుడు పెరిగి, ఇంకో పక్కకు తిప్పితే తగ్గుతుంది. ఇది తేల్చుకోకుండా గేర్‌బాక్స్ మీద చెయ్యి వేయకండి. ఒక్క గేరులోనే చప్పుడు వస్తే ఆ గేరు పళ్లు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు దానంతట అదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే స్లీవ్ పళ్లు మొద్దుబారి ఉండొచ్చు, స్లీవ్‌ను జరిపే గేర్ ఫోర్కు అరిగి ఉండొచ్చు. కానీ ఇంజన్ మౌంటింగు రబ్బరు తెగినా ఇలాగే అవుతుంది. బానెట్ ఎత్తి, ఎవరినైనా ఇంజన్ ఆన్‌లో గేరు వేసి, బ్రేకు తొక్కి ఉంచి, క్లచ్ కొద్దిగా వదలమనండి. ఇంజన్ అంతా ఒక పక్కకు ఎగిరిపడుతుంటే ముందు మౌంటింగు మార్చండి. గేర్ రాడ్ వదులుగా ఊగుతుంటే లింకేజీ బుష్షులు, గేర్ కేబుళ్ల చివర్లు చూడండి. వాటికీ గేర్‌బాక్స్ లోపలికీ సంబంధమే లేదు.

నూనె: ఏది పోయాలి, ఎప్పుడు మార్చాలి

ఇంజన్ ఆయిల్ గురించి అడగని వాళ్లు లేరు, గేర్ ఆయిల్ గురించి అడిగేవాళ్లు లేరు. "అది జన్మకు మార్చనక్కర్లేదు" అనే మాట షెడ్డుల్లో చాలాసార్లు విన్నాను. ఇంజన్ ఆయిల్ లాగా ఇది మసిబారదన్నది నిజమే. కానీ లోపల అరిగిన ఇనుము, ఇత్తడి పొడి అంతా అందులోనే తిరుగుతుంది. దీన్ని వడగట్టడానికి చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో ఫిల్టర్ ఉండదు. కాలం గడిచేకొద్దీ నూనెలో కలిపిన రసాయనాల బలమూ తగ్గుతుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారును బట్టి ఉంటుంది. మీ కారు పుస్తకంలో చూడండి. నేను మాత్రం 40,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చేస్తాను. మా ఊరి ఎండలు, ట్రాఫిక్, వానాకాలం నీళ్లు చూశాక అంతకన్నా ఆగబుద్ధి కాదు.

డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. ఒకటి చిక్కదనం: 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 అని ఉంటుంది. రెండోది జీఎల్-4, జీఎల్-5 అనే తరగతి. చాలామంది మోసపోయేది ఈ రెండోదాని దగ్గరే. ఐదు నాలుగు కన్నా పెద్దది కాబట్టి మేలైనది అనుకుంటారు. జీఎల్-5 జీపులు, లారీల వెనక డిఫరెన్షియల్లో ఉండే, పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ తిరిగే హైపాయిడ్ గేర్ల కోసం తయారైంది. అందులో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు దాదాపు రెట్టింపు ఉంటాయి. అవి ఇత్తడి సింక్రో రింగులను తినేసే ప్రమాదం ఉంది. పైగా రింగు పనిచేయాలంటే కాస్త రాపిడి కావాలి. మరీ జారుడు నూనె పోస్తే రింగు పట్టు దొరక్క గేరు కర్రుమంటుంది. పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే జీఎల్-4 మాత్రమే పోయండి. హోండా లాంటి కంపెనీలు తమ గేర్‌బాక్సులకు వేరే నూనె చెబుతాయి. అలాంటప్పుడు వాళ్లు చెప్పిందే పోయాలి.

నూనె మార్చే పద్ధతి

కావలసినవి: సరిపడా నూనె (చిన్న కార్లకు సుమారు రెండు లీటర్లు, కచ్చితమైన కొలత పుస్తకంలో ఉంటుంది), డ్రెయిన్ బోల్టు, ఫిల్ బోల్టు రెండిటికీ కొత్త వాషర్లు, వాటికి సరిపోయే పానా, వెడల్పాటి బేసిన్, మీటరున్నర ప్లాస్టిక్ పైపు, గరాటు, వైర్ బ్రష్, పాత గుడ్డలు.

1. పది పదిహేను నిమిషాలు బండి నడిపి రండి. గోరువెచ్చటి నూనె త్వరగా దిగుతుంది, అడుగున ఉన్న పొడిని కూడా తీసుకొస్తుంది.

2. బండి నాలుగు పక్కలా సమానంగా ఉండాలి. ముందు మాత్రమే ఎత్తితే కొలత తప్పుతుంది. ఇంట్లో నాలుగు స్టాండ్లు లేకపోతే, వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు గంటసేపు అద్దెకు అడగండి. నేను అలాగే చేస్తాను. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు.

3. ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోండి. చక్రాలకు అడ్డు పెట్టండి. బోల్టుల చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి.

4. ముందు పై బోల్టు, అంటే నూనె పోసే ఫిల్ బోల్టు విప్పాలి. ఈ ఒక్క నియమం మరచిపోవద్దు. కింద నూనె అంతా వదిలేశాక పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. అది ఊడి వస్తుందని తెలిశాకే కింది బోల్టు జోలికి వెళ్లండి.

5. బేసిన్ పెట్టి డ్రెయిన్ బోల్టు తీయండి. నూనె చుక్కచుక్కగా పడేదాకా పావుగంట వదిలేయండి.

6. బోల్టుకు ఉన్న అయస్కాంతాన్ని, బేసిన్‌లో నూనెను చూడండి. ఏం చూడాలో కింద విడిగా చెబుతున్నాను. తర్వాత అయస్కాంతాన్ని గుడ్డతో శుభ్రంగా తుడవండి.

7. కొత్త వాషర్ వేసి, బోల్టును ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పండి. గేర్‌బాక్స్ పెట్టె అల్యూమినియం. వంకరగా ఎక్కించినా, బలం చూపించి బిగించినా మర పోతుంది. టార్క్ పానా ఉంటే పుస్తకంలోని కొలతకు బిగించండి.

8. బానెట్ వైపు నుంచి పైపు దింపి, చివర ఫిల్ బోల్టు రంధ్రంలో పెట్టి, గరాటుతో నెమ్మదిగా పోయండి. చాలా కార్లలో ఈ రంధ్రమే కొలత. నూనె దాని అంచు దాకా వచ్చి సన్నగా కారడం మొదలైతే చాలు. కారడం ఆగాక బోల్టు బిగించండి. కొన్ని కార్లలో కొలత వేరేగా ఉంటుంది కాబట్టి ముందే పుస్తకం చూసుకోండి.

9. ఐదు కిలోమీటర్లు నడిపి, అన్ని గేర్లూ, రివర్సూ వేసి, మళ్లీ కిందకు వంగి లీకు ఉందేమో చూడండి.

ఎక్కువ పోస్తే మంచిదనుకోకండి. ఎక్కువైన నూనె నురగ కట్టి, ఆయిల్ సీళ్ల దగ్గర నుంచి బయటికి వస్తుంది. తీసిన పాత నూనెను కాలవలోనో, మట్టిలోనో పోయకండి. డబ్బాలో నింపి షెడ్డుకు ఇవ్వండి. వాళ్ల దగ్గర పాత నూనె కొనుక్కుపోయేవాళ్లు ఉంటారు.

పాత నూనె చెప్పే మాట

అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే భయపడకండి. అది మామూలు అరుగుదలే. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. గోటికి అందే ముక్కలు, సూదుల్లాంటి రేకులు ఉంటే బేరింగో, గేరు పన్నో పెచ్చులూడుతోందన్నమాట. అప్పుడు కొత్త నూనె పోసి ఊరుకుంటే లాభం లేదు. ఎండలో చూస్తే నూనెలో బంగారు రంగు మెరుపు తేలుతుంటే అది ఇత్తడి, అంటే సింక్రో రింగు అరుగుతోంది. ఆ పొడి అయస్కాంతానికి అంటుకోదు కాబట్టి నూనెలోనే వెతకాలి.

నూనె పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. గేర్‌బాక్స్‌కు గాలి పీల్చే చిన్న బ్రీదర్ ఉంటుంది. వేడెక్కిన గేర్‌బాక్స్ నీళ్లలో మునిగి ఒక్కసారిగా చల్లబడితే, ఆ బ్రీదర్‌లోంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలోనే నిలిచాయి. అలా మునిగిన కార్లకు ఇంజన్ ఆయిల్ మార్చి గేర్ ఆయిల్ మరచిపోతే, బండి నడుస్తూనే ఉంటుంది, లోపల బేరింగులు తుప్పు పడుతూ ఉంటాయి. కొన్ని నెలల తర్వాత మూలుగు మొదలైనప్పుడు వరద సంగతి ఎవరికీ గుర్తుండదు. మీ కారు ఇరుసు ఎత్తు దాటి నీళ్లలో నిలిచి ఉంటే, గేర్ ఆయిల్ తీసి చూడండి. తెల్లగా ఉంటే కొత్తది పోసి కొద్ది దూరం నడిపి, మళ్లీ మార్చండి. ఒక్కసారితో నీళ్లన్నీ పోవు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా ఆ బోల్టు విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

లీకులు, కేబుల్, హైడ్రాలిక్ క్లచ్

చాలా గేర్‌బాక్సులు పాడయ్యేది నూనె పాతదై కాదు, తగ్గిపోయి. చక్రం లోపలి పక్కన, యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి దూరే చోట తడిగా, మట్టి అంటుకుని కనిపిస్తే అక్కడి ఆయిల్ సీల్ పోయింది. సీల్ చవక. దాన్ని మార్చాలంటే యాక్సిల్ లాగాలి, అంతే. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద కారుతుంటే వాసన చూడండి. గేర్ ఆయిల్‌కు గంధకం కంపు ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌కు ఉండదు. ఆ తేడాతోనే లీకు ఎటువైపుదో తెలుస్తుంది.

కేబుల్ క్లచ్‌లో పెడల్ పైన కొంచెం ఖాళీ కదలిక ఉండాలి. చాలా కార్లలో అది 10 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు లెక్క పుస్తకంలో చూడండి. ఖాళీ అసలు లేకపోతే ప్లేటు జారుతుంది, మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివర ఉన్న నట్టు తిప్పి సరిచేయొచ్చు. కేబుల్‌లో పోగులు తెగడం కనిపిస్తే సర్దుబాటు వద్దు, కేబులే మార్చండి.

హైడ్రాలిక్ క్లచ్ అయితే చాలా కార్లలో బ్రేక్ ఆయిల్ డబ్బాయే దీనికీ వాడతారు. పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతుంటే గాలి చేరింది. మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ తడిగా ఉన్నాయేమో చూసి, తర్వాత గాలి తీయించండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

గేర్‌బాక్స్ దించక తప్పకపోతే

క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు పోతే దించాల్సిందే. గొయ్యి గానీ ర్యాంపు గానీ, గేర్‌బాక్స్ జాకీ, తోడు ఇంకో మనిషి లేకుండా దీన్ని ఇంట్లో చేయమని నేను చెప్పను. కానీ చేసేవాళ్ల పక్కన నిలబడి ఏం చూడాలో తెలిసి ఉండాలి.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీస్తారు. తర్వాత గేర్ ఆయిల్ వదిలేసి, గేర్ కేబుళ్లు, క్లచ్ కేబుల్, రివర్స్ లైట్ వైరు, ఎర్త్ వైరు, స్టార్టర్ మోటార్ విప్పుతారు. యాక్సిళ్లు లాగుతారు. మౌంటింగు విప్పేముందు ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించాలి. గేర్‌బాక్స్ బయటికి వచ్చేటప్పుడు, తిరిగి ఎక్కించేటప్పుడు దాని బరువు ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడకూడదు. అలా వేలాడితే కొత్త ప్లేటు వంగిపోయి, ఎక్కించిన మొదటి రోజు నుంచే క్లచ్ విడవదు.

దించాక ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే మార్పించండి. ఒక్కటే మార్చి కొంత మిగిల్చుకుంటే, ఇంకోటి పోయినప్పుడు కూలి మొత్తం మళ్లీ ఇవ్వాలి. ఫ్లైవీలు మీద నీలపు మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో మీరే వేలు పెట్టి చూడండి. క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్, యాక్సిల్ సీళ్లు కూడా అప్పుడే వేయించండి. ప్లేటు ఏ ముఖం ఫ్లైవీలు వైపు ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. మధ్యలో కూర్చోబెట్టడానికి సెంటరింగ్ టూల్ వాడాలి. షాఫ్టు మీది గాడులకు గ్రీజు పలచగా రాయాలి. ఎక్కువైతే అది ఎగిరి ప్లేటు మీద పడి, క్లచ్ జారుతుంది.

లోపలే విప్పాల్సి వస్తే, అది చేతి అనుభవం ఉన్నవాళ్ల పని. విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ పని తప్ప వేరేది ముట్టుకోని మేస్త్రీలు ఉన్నారు. అలాంటివాళ్లకే ఇవ్వండి. అయినా మీరు అడగాల్సినవి ఉన్నాయి. సింక్రో రింగును గేరు శంకువు మీద చేత్తో నొక్కి, రెండిటి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) కొలిచి చూపించమనండి. చాలా గేర్‌బాక్సుల్లో కొత్తదానికి ఆ సందు ఒక మిల్లీమీటరు, ఆపైన ఉంటుంది. అర మిల్లీమీటరుకు తగ్గితే మార్చాలి. స్లీవ్, అది జారే హబ్ జతగానే మార్చాలి. ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగులన్నీ కొత్తవి వేయించండి. కడిగిన బేరింగును గాలి గన్‌తో గిర్రున తిప్పి ఆరబెడుతుంటే వద్దని చెప్పండి, అలా చేస్తే అది అక్కడే పాడవుతుంది. తీసిన పాత భాగాలన్నీ సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి.

నడిపే తీరు

గేర్ రాడ్ మీద చెయ్యి ఆనించి నడిపితే, ఆ బరువు లోపల ఫోర్కును స్లీవ్‌కు ఒత్తుతూనే ఉంటుంది, రెండూ అరుగుతాయి. క్లచ్ మీద కాలు పెట్టి ఉంచితే రిలీజ్ బేరింగు ఊరికే తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టకండి, దానికి హ్యాండ్ బ్రేక్ ఉంది. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు న్యూట్రల్ అసలు వద్దు. రెండో గేరులోనో, మూడో గేరులోనో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు.

ఆటోమేటిక్ ఉన్నవాళ్లకు

2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ను, గేర్‌ను మన బదులు ఒక యంత్రం కదుపుతుంది. అందుకే పైన చెప్పిన గేర్ ఆయిల్, క్లచ్ సంగతులన్నీ దానికీ వర్తిస్తాయి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో నిలబెడితే దాని ప్లేటు కూడా కాలుతుంది.

టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సులు వేరు. ఒకదాని నూనె ఇంకోదానికి పనికిరాదు. టార్క్ కన్వర్టర్‌కు వాడే నూనె, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్), సాధారణంగా ఎరుపు. అది గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే ఆలస్యం చేయకండి. డ్రెయిన్ చేసినప్పుడు నూనె అంతా దిగదు, కొంత కన్వర్టర్‌లోనే మిగులుతుంది. దీని కొలత కూడా నిర్ణీత వేడి దగ్గరే చూడాలి కాబట్టి ఇది ఇంట్లో చేసే పని కాదు. ముందు చక్రాలు లాగే ఆటోమేటిక్ బండి దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. ముందు చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి గానీ, ఫ్లాట్‌బెడ్ మీద గానీ తీసుకెళ్లాలి.

పని అయ్యాక

కొత్త క్లచ్ వేశాక మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడపండి. బరువులు, ఘాట్లు వద్దు. లోపల విప్పి కట్టిన గేర్‌బాక్స్ అయితే 1,000 కిలోమీటర్లకే ఒకసారి నూనె తీసి అయస్కాంతం చూడండి. మెత్తటి ముద్ద తప్ప ఏమీ లేకపోతే కట్టినవాళ్లు పని సరిగ్గా చేశారు. ముక్కలు కనిపిస్తే, ఇంటికి తెచ్చుకున్న ఆ పాత భాగాల సంచి, బిల్లు పట్టుకుని అదేరోజు మేస్త్రీ దగ్గరికి వెళ్లండి. తేదీ, కిలోమీటర్లు, పోసిన నూనె పేరు ఒక చిన్న చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. ఈసారి ఆ బోల్టు విప్పేది మీరు కాకపోయినా వాళ్లకు అది పనికొస్తుంది.